గదిలో ఉన్న వకీలు ఎవరి వకీలు?

లక్డీకాపూల్‌లో మా ఆఫీసు రెండు గదులు. కిటికీ తెరిస్తే రైళ్ళ చప్పుడు, మూస్తే ఉక్కపోత. నాంపల్లి కోర్టులకు వాయిదాకు వచ్చిన ఆడవాళ్ళు అక్కడ పని అయ్యాక, చాలాసార్లు పని కాక, మా దగ్గరికి వస్తుంటారు. భరణం, గృహహింస, పిల్లల కస్టడీ - ఇవి మాకు అలవాటైన గొడవలే. ఈ నాలుగైదేళ్ళుగా మరో రకం వాళ్ళు కూడా వస్తున్నారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగి, మెడలోని ఐడీ కార్డు తీసి బ్యాగులో వేసుకుని మా మెట్లెక్కుతారు. చదువుకున్నవాళ్ళు, మంచి జీతాలున్నవాళ్ళు. కూర్చోగానే బ్యాగులోంచి కాగితాలు తీస్తారు.

అలా వచ్చిన ఒకమ్మాయి 2025 వేసవిలో నా ముందు పదకొండు పేజీల నివేదిక పెట్టింది. ఒక పెద్ద కంపెనీలో తన పై అధికారి మీద ఆమె చేసిన లైంగిక వేధింపుల ఫిర్యాదుపై అంతర్గత కమిటీ ఇచ్చిన నివేదిక అది. ఆరోపణ రుజువు కాలేదని తేల్చింది. చివరి పేజీలో నాలుగు సంతకాలున్నాయి. నాలుగోది నాది.

"మేడమ్, ఇది మీరు రాసిందేనా?" అని అడిగింది.

నేను రాయలేదు. సంతకం మాత్రమే పెట్టాను. ఎవరు రాశారో నాకు తెలుసు. ఆ రాసిన మనిషి చేసే ఉద్యోగం గురించీ, ఆ మనిషి పక్కన కూర్చుని సంతకాలు పెడుతున్న మనలాంటి వాళ్ళ గురించీ ఈ వ్యాసం. కంపెనీ పేరు గానీ, ఫిర్యాదులో ఏముందన్నది గానీ ఇక్కడ రాయను. ఆమె ఎవరో బయటపడకూడదని చట్టం చెబుతోంది, అది మంచి నియమమే. ఆ నివేదిక ఎలా తయారైందన్నది మాత్రం ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఒక సభ్యురాలు బయటి నుంచి, స్త్రీల సమస్యలపై పనిచేసే సంస్థ నుంచి గానీ, ఈ విషయం తెలిసినవాళ్ళలోంచి గానీ రావాలి. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవిపై 1992లో జరిగిన అత్యాచారం, ఆ తర్వాత స్త్రీల సంఘాలు వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు - వీటి వల్ల మనకు దక్కిన స్థానం అది. యాజమాన్యం తన ఇంట్లో తానే తీర్పు చెప్పుకోకుండా ఒక బయటి కన్ను ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ కంపెనీలో ఆ బయటి కన్ను నేను.

విచారణ రెండు రోజులు జరిగింది. మొదటి రోజే ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. "మా మేనమామ కూతురు హైకోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకోవచ్చా?" అని. కుదరదని చెప్పింది నేనే. 2013 నిబంధనల్లో ఏడో నిబంధన ఆరో ఉపనిబంధన ప్రకారం కమిటీ ముందు ఏ దశలోనూ ఎవరూ తమ తరఫున లాయర్ని తెచ్చుకోకూడదు. నిబంధనను నేను సరిగ్గానే చెప్పాను. కానీ అలా చెబుతున్నప్పుడు బల్ల చివర ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకతను కూర్చుని ఉన్నాడు. 'లీగల్ నుంచి, నోట్సు తీసుకోవడానికి' అని పరిచయం చేశారు. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న లాయరు. మధ్యలో రెండుసార్లు అధ్యక్షురాలికి చీటీ రాసి ఇచ్చాడు. ఆ చీటీ చదివాకే ఆమె ప్రశ్నలు అడిగింది. మూడు వారాల తర్వాత నివేదిక ముసాయిదా నాకు మెయిల్‌లో వచ్చింది, అతని దగ్గరి నుంచి. 'ఫిర్యాదుదారు వాంగ్మూలంలో నిలకడ లేదు' అన్న వాక్యం అందులో ఉంది. నిలకడ లేదని ఆ గదిలో మేమెవరం అనుకోలేదు. నేను రెండు చోట్ల పదాలు మార్చాను. మర్నాడు వరంగల్‌లో వర్క్‌షాపు ఉంది. సంతకం పెట్టి పంపేశాను.

లాయరు వద్దని ఆమెతో అన్నప్పుడు ఆ గదిలో ఒక లాయరు ఉన్నాడు. ఈ సంగతి ఆమెకు కనిపించింది. నాకు కనిపించలేదు. సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసి, సంస్థల్లో అధికారం ఎలా పనిచేస్తుందో ఇరవై ఏళ్ళుగా చదువుతున్న నాకు కనిపించలేదు!

వకీలు కాని వకీలు

ఒకప్పుడు మన ఫ్యాక్టరీల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో లా ఆఫీసరు అంటే ఫైళ్ళు మోసే మనిషి. కేసు కాగితాలు సర్ది బయటి వకీలుకు అందించడం, వాయిదా తేదీలు రాసుకోవడం, లేబర్ కోర్టు వరండాలో నిలబడటం అతని పని. యాజమాన్యం నిర్ణయం తీసుకున్నాక, గొడవ వచ్చాక అతన్ని పిలిచేవారు. ఇవాళ పెద్ద కంపెనీల్లో పరిస్థితి తలకిందులైంది. జనరల్ కౌన్సెల్ అన్న హోదాతో డైరెక్టర్ల బోర్డు పక్కనే కూర్చుంటున్నారు. గొడవ రాకముందే ఉద్యోగ ఒప్పందం రాసేది వాళ్ళే. ప్రవర్తనా నియమావళి రాసేది వాళ్ళే. వేధింపుల నిరోధక విధానం రాసేదీ, కమిటీకి శిక్షణ ఏర్పాటు చేసేదీ, ఫిర్యాదు వస్తే 'రిస్క్' ఎంతో లెక్కగట్టేదీ, ఉద్యోగి రాజీనామా చేస్తే చివరి కాగితం తయారు చేసేదీ వాళ్ళే. బహుళజాతి కంపెనీల కేంద్రాలు హైదరాబాద్‌కు తరలి వచ్చిన ఈ కాలంలో ఈ ఉద్యోగాలు మన లా కాలేజీల పిల్లలకు పెద్ద ఆకర్షణ.

ఇంత అధికారం ఉన్న ఈ మనిషి చట్టం దృష్టిలో ఎవరు? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వ నిబంధన ప్రకారం, ప్రాక్టీసు చేసే న్యాయవాది ఎవరి దగ్గరా పూర్తికాలం జీతానికి పనిచేయకూడదు. అలాంటి ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు మానేయాలి. అంటే కంపెనీలో చేరిన రోజు నుంచి అతను న్యాయవాదిగా కోర్టులో నిలబడటానికి లేదు. చదువు ఉంది, అనుభవం ఉంది, నల్లకోటు లేదు.

నల్లకోటు లేకపోవడం అతనికి నష్టమనుకుంటాం. యాజమాన్యానికి మాత్రం అదే లాభం. దీనికి పాత చరిత్ర ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో (2025 నవంబర్ 21న దాని స్థానంలో కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది) 36వ సెక్షన్ రాజీ చర్చల్లోకి లాయర్లను రానివ్వలేదు. లేబర్ కోర్టులో కూడా ఎదుటి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే రానిచ్చింది. డబ్బున్న యజమాని లాయర్ల దండును దింపి కార్మికుణ్ణి ముంచేయకూడదని ఆ ఏర్పాటు. 1976లో పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు దాని అర్థం చెప్పింది. లా చదివిన మనిషి కంపెనీ అధికారిగా, కంపెనీ జీతంతో, కంపెనీ అదుపులో ఉండి, ప్రాక్టీసు చేయకుండా ఉంటే, అతను కంపెనీ తరఫున హాజరు కావడానికి అడ్డం లేదంది. కార్మికుడి వకీలును గుమ్మం దగ్గర ఆపగల నియమం యజమాని వకీలును లోపలికి పంపింది. అతను 'వకీలు కాదు' గనక.

అదే సుప్రీంకోర్టు 1980ల మొదట్లో బొంబాయి పోర్ట్ ట్రస్ట్ ఉద్యోగి దిలీప్‌కుమార్ నాద్‌కర్ణి కేసులో ఇంకో వైపు నుంచి చూసింది. అక్కడ శాఖాపరమైన విచారణలో యాజమాన్యం తన లీగల్ అడ్వైజర్‌ను, అతని సహాయకుణ్ణి దింపి, ఉద్యోగికి మాత్రం లాయరు కూడదంది. ఒక పక్క చట్టంలో ఆరితేరిన బుర్రలను కూర్చోబెట్టి రెండో పక్కకు లాయర్ని నిరాకరించడం సహజ న్యాయానికి విరుద్ధమని కోర్టు తీర్పునిచ్చింది. పురుష ఉద్యోగి శాఖాపరమైన విచారణలో నలభై ఏళ్ళ కింద కోర్టు గుర్తించిన ఈ అసమానతను, ఆడవాళ్ళ ఫిర్యాదు వినే కమిటీ గదిలో మనం ఎందుకు గుర్తించడం లేదు?

2013 చట్టంలో మరో సందు కూడా ఉంది. కమిటీలోని ఉద్యోగ సభ్యులను స్త్రీల పట్ల నిబద్ధత ఉన్నవాళ్ళలోంచో, సామాజిక సేవలో అనుభవం ఉన్నవాళ్ళలోంచో, చట్టం తెలిసినవాళ్ళలోంచో తీసుకోవచ్చని నాలుగో సెక్షన్ అంటుంది. 'చట్టం తెలిసినవాళ్ళు' అన్న మాటను ఆసరాగా తీసుకుని, కొన్ని కంపెనీలు లీగల్ విభాగం మనిషినే సభ్యుణ్ణి చేస్తున్నాయి. కంపెనీని కాపాడటమే ఉద్యోగమైన మనిషి, కంపెనీ తప్పు చేసిందా లేదా అని తేల్చే కుర్చీలో కూర్చుంటున్నాడు.

రెండు టోపీలు

ఇంతవరకు 'వకీలు కాదు' అన్న టోపీ. రెండో టోపీ గోప్యత దగ్గర బయటికి వస్తుంది. కమిటీ నివేదిక ముసాయిదాలు, యాజమాన్యానికీ లీగల్‌కూ మధ్య నడిచిన మెయిళ్ళు చూపించమని అడిగితే, అది 'న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య రహస్యం' అంటారు. గదిలోకి వచ్చేటప్పుడు వకీలు కాని మనిషి కాగితం అడిగేసరికి వకీలవుతాడు!

ఈ రెండో టోపీని 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు తీసేసింది. న్యాయవాదులకు దర్యాప్తు సంస్థలు సమన్లు పంపడంపై తనంతట తాను చేపట్టిన కేసులో తీర్పు ఇస్తూ, కంపెనీల్లో జీతానికి పనిచేసేవాళ్ళు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదులు కారు గనక, 2023 భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ఇచ్చే గోప్యత వాళ్ళకు వర్తించదని చెప్పింది. కంపెనీ బయటి న్యాయవాదితో జరిపే సంప్రదింపులకు రక్షణ ఉంటుంది గానీ, యజమానికీ తన ఉద్యోగి అయిన వకీలుకూ మధ్య నడిచిన రాతకోతలకు ఆ ముసుగు లేదు. యూరప్‌లో కూడా 2010లో ఆక్జో నోబెల్ కేసులో అక్కడి న్యాయస్థానం ఇదే దారిలో వెళ్ళింది. జీతం మీద ఆధారపడిన మనిషికి బయటి న్యాయవాదికుండే స్వతంత్రత ఉండదని తేల్చింది.

కార్పొరేట్ వర్గాలకు ఈ తీర్పు ఎదురుదెబ్బ. మనకు మాత్రం ఇది చేతికందిన పనిముట్టు. కమిటీ నివేదికను ఎవరు రాశారు, ముసాయిదా ఎన్నిసార్లు మారింది, ఎవరి సలహా మీద మారింది అని అప్పీల్లో అడగడానికి మనకు ఇప్పుడు మునుపటికంటే గట్టి ఆధారం ఉంది. అడగాలి. మనం అడగకపోతే తీర్పు కాగితం మీదే ఉండిపోతుంది.

"నా జీతం ఎవరిస్తున్నారు అక్కా?"

ఈ వాదనకు ఎదురు వాదన ఉంది. అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఒక కంపెనీలో లీగల్ విభాగంలో పనిచేసే అమ్మాయి, బషీర్‌బాగ్ లా కాలేజీలో చదివే రోజుల నుంచి నాకు తెలిసిన పిల్ల, నాతో గట్టిగా పోట్లాడింది.

"అక్కా, మేం లేకపోతే సగం కంపెనీల్లో కమిటీయే ఉండదు. చట్టం అమలు చేయకపోతే యాభై వేలు జరిమానా అని భయపెట్టేది మేమే. బోర్డు నివేదికలో ఫిర్యాదులెన్ని, తేలినవెన్ని, తొంభై రోజులు దాటి ఆగినవెన్ని అని 2025 జులై నుంచి రాయాల్సి వచ్చింది కదా, ఆ లెక్కలు దాచొద్దని మేనేజర్లతో కొట్లాడేది మేమే. మీరు శత్రువును తప్పు చోట వెతుకుతున్నారు" అంది.

ఆమె మాటల్లో చాలా నిజం ఉంది. ఇంతకు ముందు ఆ ఫిర్యాదులు మేనేజర్ల టేబుల్ సొరుగుల్లో మగ్గేవి. "మరి నివేదిక ముసాయిదా నువ్వు రాస్తావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "రాయమంటే రాస్తాను. నా జీతం ఎవరిస్తున్నారు అక్కా? రాయనంటే నన్ను కాపాడే చట్టం ఏదైనా ఉంటే చెప్పు" అంది.

ఆమెకు జవాబు నా దగ్గర లేదు. అందుకే ఈ గొడవ వ్యక్తుల మంచిచెడ్డల మీద పెట్టడం లేదు. బార్ కౌన్సిల్‌కు జవాబుదారీగా ఉండే స్వతంత్రతను వదులుకుని, యాజమాన్యానికి మాత్రమే జవాబుదారీగా మిగిలే స్థానంలో ఆమెను కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో ఆడది కూర్చున్నా మగవాడు కూర్చున్నా కుర్చీ చేసే పని ఒకటే. అమెరికాలో ఎన్రాన్ కుంభకోణం తర్వాత 2002లో వచ్చిన సర్బేన్స్-ఆక్స్‌లీ చట్టం, కంపెనీలో పెద్ద అక్రమం కంటపడితే పైవాళ్ళకు, అవసరమైతే బోర్డు దాకా తెలియజేయాల్సిన బాధ్యతను న్యాయవాదుల మీద పెట్టింది. మన హైదరాబాద్‌లో 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి దాదాపు ఏడు వేల కోట్ల మోసాన్ని తానే ఒప్పుకున్నప్పుడు ఆడిటర్ల గురించి, డైరెక్టర్ల గురించి బోలెడు చర్చ జరిగింది. కంపెనీ లోపలి వకీలు బాధ్యత ఎంత అన్న చర్చ మాత్రం అంతగా సాగలేదు. వాటాదారుల డబ్బు పోయినప్పుడే సాగని చర్చ, ఒక ఆడమనిషి ఉద్యోగం పోయినప్పుడు దానంతటదే సాగుతుందా?

మన సంతకం ఖరీదు

ఇక మన సంగతి. ఈ పత్రిక చదివేవాళ్ళలో కంపెనీ కమిటీల్లో బయటి సభ్యులుగా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. మనల్ని ఎవరు ఎంపిక చేశారు? యాజమాన్యం. చాలాచోట్ల పేరు సూచించింది లీగల్ విభాగమో, హెచ్‌ఆర్ విభాగమో. బయటి సభ్యురాలికి నిబంధనల ప్రకారం విచారణ రోజుకు రెండు వందల రూపాయలు, ప్రయాణ ఖర్చులు. అంతవరకే అయితే గొడవ లేదు. కానీ అదే కంపెనీలో మన సంస్థే శిక్షణ తరగతులు నడుపుతుంది, దానికి వేలల్లో ఫీజు తీసుకుంటుంది. ఏడాది చివర ఆ ఒప్పందం కొనసాగాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉంది? విదేశీ నిధులు తగ్గిపోయిన ఈ రోజుల్లో చిన్న సంస్థలకు ఆ ఫీజే అద్దె, జీతాలు. మాకూ అంతే. ఈ మాట పైకి అనుకోం. కానీ ముసాయిదా మెయిల్‌లో వచ్చినప్పుడు పదాలు మార్చి వదిలేయడానికీ, పేజీ మొత్తం కొట్టేయడానికీ మధ్య మన చేతిని ఆపేది అదే. అతని జీతం గురించి ఇంత రాసిన నేను మా ఫీజు గురించి రాయకపోతే అది నిజాయితీ కాదు.

అందుకని యాజమాన్యాలను, ప్రభుత్వాన్ని అడిగే ముందు మనకు మనం కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. మనం రాయని నివేదిక మీద సంతకం పెట్టకూడదు. ముసాయిదా కమిటీ సభ్యులే, కమిటీ గదిలోనే రాయాలి. సభ్యులు కాని లీగల్ విభాగం వాళ్ళు గదిలో ఉంటే విచారణ మొదలుపెట్టకూడదు. ఒక్కరికే అభ్యంతరం ఉన్నా దాన్ని విడిగా రాసి నివేదికకు జోడించాలి. కమిటీలో కూర్చునే సంస్థ అదే కంపెనీ నుంచి శిక్షణ ఫీజు తీసుకోకూడదు. మా సంస్థ 2025 సెప్టెంబర్ నుంచి ఇది పాటిస్తోంది. ఇబ్బందిగానే ఉంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. కంపెనీ జీతం తీసుకునే లీగల్ విభాగం మనిషి కమిటీలో సభ్యుడిగా గానీ, సహాయకుడిగా గానీ ఉండకూడదని నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ తనకు నమ్మకమున్న ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే హక్కు ఉండాలి. కంపెనీ పక్షాన చట్టం చదివిన మనిషి ఏ రూపంలో ఉన్నా, ఆ పక్కమనిషి లాయరు కావచ్చు. ఇక మూడోది, కంపెనీ వకీలు ఏ ఉద్యోగినితో మాట్లాడినా మొదటి మాటగా 'నేను కంపెనీ వకీలును, మీ వకీలును కాను. మీరు చెప్పేది యాజమాన్యానికి చేరుతుంది' అని చెప్పి తీరాలి. అమెరికాలో 1981 నాటి అప్‌జాన్ తీర్పు తర్వాత ఈ హెచ్చరిక ఆనవాయితీ అయింది. అక్కడ అది కంపెనీని కాపాడటానికి పుట్టింది. ఇక్కడ ఉద్యోగినిని కాపాడటానికి తెచ్చుకుందాం.

ఆ అమ్మాయి బ్యాగులో ఇంకో కాగితం కూడా ఉంది. రాజీనామా చేస్తే మూడు నెలల జీతం ఇస్తామని, ఈ విషయం ఎక్కడా మాట్లాడకూడదని, ఏ కోర్టుకూ వెళ్ళకూడదని రాసిన ఒప్పందం. 'పూర్తి, తుది పరిష్కారం' అని పైన శీర్షిక. చట్టబద్ధంగా న్యాయస్థానానికి వెళ్ళే హక్కును పూర్తిగా మూసేసే ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ కింద చెల్లదు. అది రాసిన లాయరుకు ఈ సంగతి తెలియక కాదు. చదివే మనిషికి తెలియదన్న ధీమా. ఆమె సంతకం పెట్టలేదు. తన మేనమామ కూతురికి చూపించి వచ్చింది.

నివేదిక సిఫార్సుల మీద అప్పీలుకు చట్టం తొంభై రోజుల గడువిస్తుంది. ఆమె మా మెట్లెక్కేసరికి డెబ్బై రోజులు గడిచాయి. మిగిలిన ఇరవై రోజుల్లో అప్పీలు వేశాం. దానికి జతగా నేనొక వాంగ్మూలం రాసిచ్చాను. గదిలో ఎవరున్నారు, చీటీలు ఎవరు రాశారు, ముసాయిదా ఏ తేదీన ఎవరి నుంచి వచ్చింది, నేను చదివి కూడా ఎందుకు సంతకం పెట్టాను - అన్నీ రాశాను. చివరి ప్రశ్నకు జవాబు రాయడానికే ఎక్కువ సమయం పట్టింది.

అప్పీలు ఇంకా తేలలేదు. బయటి సభ్యురాలిగా నా పదవీకాలాన్ని ఆ కంపెనీ పొడిగించలేదు. రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, లీగల్ విభాగం నుంచే. నా స్థానంలో వాళ్ళు మనలో ఇంకొకరిని పిలుస్తారు. ఆ పిలుపు అందుకునేది ఈ వ్యాసం చదివిన మీరే కావచ్చు. వెళ్ళండి. వెళ్ళవద్దని నేను అనను, ఆ కుర్చీ మనం పోరాడి తెచ్చుకున్నది. వెళ్ళి కూర్చున్నాక మొదట గదిలో ఎవరెవరున్నారో, ఎవరెవరు ఎవరి జీతం తీసుకుంటున్నారో లెక్కపెట్టండి. ఆ లెక్కలో మిమ్మల్ని మీరు కలుపుకోవడం మర్చిపోకండి.